బీఎఫ్ఏ పిల్లలకు వ్యాపారం ఎలా నేర్పాలి: పేపరా, సంతా, ఆర్డర్లా, ఇంక్యుబేటరా?

నేను పాఠాలు చెప్పే డిపార్ట్‌మెంట్ వార్షిక ప్రదర్శనలో ఒకాయన ఒక నీటిరంగుల బొమ్మ ముందు ఆగి "ఇదెంతమ్మా?" అని అడిగారు. వేసిన అమ్మాయి బీఎఫ్ఏ (చిత్రకళ, శిల్పం లాంటివి చదివే డిగ్రీ) నాలుగో సంవత్సరం. చేతిలో మంచి పని ఉంది. ఆయనకు జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. నేను కావాలనే ఇంకో వైపు తిరిగాను. చివరికి "మీ ఇష్టం సార్" అంది. ఆయన ఐదొందలు ఇచ్చి, ఫ్రేముతో సహా పట్టుకెళ్లారు. ఆ ఫ్రేము కట్టించడానికే ఏడొందలైంది.

ఆ అమ్మాయి అంతకు ముందు ఏడాదే "ఆంత్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్" పేపర్ రాసింది. మంచి మార్కులే వచ్చాయి.

సిలబస్ మార్చిన ప్రతిసారీ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్లకు ఈ పేపర్ ఏదో ఒక పేరుతో వచ్చి చేరుతోంది. స్కిల్ కోర్సు అంటారు, వాల్యూ యాడెడ్ అంటారు, ఇంటర్న్‌షిప్ అంటారు. పేరేదైనా డిపార్ట్‌మెంట్ చేతికి దొరికేది రెండు మూడు క్రెడిట్లు, వారానికి రెండు గంటలు, దాదాపు సున్నా బడ్జెట్. ఇంత కొంచెంలో ఏ దారి ఎంచుకోవాలన్నదే ఇక్కడి విషయం. నాకు తెలిసి ఐదు దారులున్నాయి. మూడింటిని నా చేత్తో నడిపి చూశాను, రెండింటిని దగ్గర నుంచి చూశాను. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు త్వరగానే తెలిసిపోతుంది.

అసలు నేర్పితే వచ్చేదేనా?

స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తగానే "వ్యాపారం రక్తంలో ఉండాలండీ" అనే వాళ్లు ఒకరైనా ఉంటారు. వాళ్లకు కాకినాడ సంగతి చెప్పండి. 1960ల్లో డేవిడ్ మెక్‌లెలాండ్ అనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ కాకినాడ వచ్చాడు. ఆ ఊరి చిన్న వ్యాపారులకు హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల వాళ్లకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థలో శిక్షణ ఇప్పించాడు. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది అదే. ఏదైనా సాధించాలన్న పట్టుదలను పెద్దవాళ్లలో కూడా శిక్షణతో పెంచవచ్చని ఆ ప్రయోగం నుంచి తేల్చి, 1969లో ఫలితాలు ప్రచురించారు. ప్రపంచంలో వ్యాపార శిక్షణ గురించి రాసే వాళ్లు ఇప్పటికీ "కాకినాడ ప్రయోగం" అనే అంటారు. మన కాకినాడ వాళ్లకే ఈ విషయం పెద్దగా తెలియదు.

అయితే మెక్‌లెలాండ్ ముందు కూర్చున్నవాళ్లు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు. మన పిల్లలు అలా కాదు. పైగా మనం వాడే మాట కూడా వాళ్లకు అడ్డమే. పేపర్లలో "ఔత్సాహిక పారిశ్రామికవేత్త" అని రాస్తారు. ఆ మాట వినగానే కళ్ల ముందు పొగగొట్టం, షెడ్డు, బ్యాంకు లోను కనిపిస్తాయి. బొమ్మలు వేసుకునే పిల్లవాడు ఆ చిత్రంలో తనను తాను చూసుకోలేడు. నేను క్లాసులో ఆ మాట మానేసి చాలా కాలమైంది. "మీ పని మీరు అమ్ముకోవడం" అంటాను. అంతే.

వాళ్లకు నిజంగా దగ్గరగా ఉండే ఆలోచన సరస్ సరస్వతి అనే ప్రొఫెసర్ 2001లో చెప్పినది. అనుభవమున్న 27 మంది వ్యాపార స్థాపకులు ఎలా ఆలోచిస్తారో ఆమె పరిశీలించారు. వాళ్లు పెద్ద లక్ష్యం ముందు పెట్టుకుని దానికోసం వనరులు వెతకరు. నా చేతిలో ఏముంది, నాకేం వచ్చు, నాకెవరు తెలుసు అనే చోట మొదలుపెడతారు. ఎంత లాభం వస్తుందో లెక్కేయడం కన్నా, ఎంత పోయినా తట్టుకోగలనో ముందు చూసుకుంటారు. బొమ్మలు వేసేవాళ్లు పని చేసేదీ ఇలాగే కదా. ఉన్న రంగులతో, ఉన్న కాగితం మీద మొదలుపెట్టి, బొమ్మ ఎటు తీసుకెళితే అటు వెళతారు. అందుకే మార్కెట్ సర్వేతో మొదలయ్యే బిజినెస్ ప్లాన్ కన్నా ఇది ఆర్ట్స్ పిల్లలకు తొందరగా అందుతుంది.

ఏ కొలతతో చూడాలి?

నేను మూడే అడుగుతాను. సెమిస్టర్ పూర్తయ్యేలోపు తెలియని మనిషి జేబులోంచి కనీసం వంద రూపాయలైనా పిల్లల చేతికి వచ్చాయా? నష్టం వస్తే ఎవరికి తగులుతుంది? మీరు వేరే ఊరికి బదిలీ అయితే మరుసటి ఏడాది ఇది నడుస్తుందా? మార్కులు, సర్టిఫికెట్లు, ఫోటోలు ఆ తర్వాత.

మొదటి దారి: క్లాసు, పేపరు, పరీక్ష

చవక. అనుమతులు అక్కర్లేదు. బదిలీ అయినా నడుస్తుంది. అరవై మంది ఉన్నా ఒక్కరే చెప్పేయొచ్చు. బీఏ సెక్షన్లలో చాలాసార్లు ఇది తప్ప వేరే దారి ఉండదు. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం వేదికలో ఆన్‌లైన్ కోర్సు తీసుకుని ఆ క్రెడిట్లు కలుపుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. చెప్పేవాళ్లు మంచివాళ్లయితే కొంత నయం, అంతకు మించి తేడా లేదు.

లోపం ఏమిటంటే "వ్యవస్థాపకుడి లక్షణాలు వివరింపుము" అన్న ప్రశ్నకు పది మార్కుల జవాబు రాసిన పిల్ల "ఇదెంతమ్మా" అంటే నోరు విప్పలేదు. నా మొదటి కొలతలోనే ఇది పడిపోతుంది.

ఇదొక్కటే మీ చేతిలో ఉంటే సిలబస్ మార్చలేకపోయినా ఇంటర్నల్ మార్కులు మార్చవచ్చు. అసైన్‌మెంట్‌గా ఎవరి పనికి వాళ్లను ధర కట్టమనండి. ఆ అమ్మాయి బొమ్మనే తీసుకుందాం. కాగితం, రంగులు 180 రూపాయలు. మౌంటు, ఫ్రేము 700. ప్యాకింగు, ఆటో 120. అక్కడికి వెయ్యి. పని తొమ్మిది గంటలు. గంటకు 150 వేసుకుంటే 1,350. మొత్తం 2,350. ఇది ఇంటి దగ్గర అమ్మితే. షాపులోనో గ్యాలరీలోనో పెడితే కమిషన్ ఉంటుంది. అది 40 శాతం అనుకుంటే, చేతికి 2,350 రావాలంటే బొమ్మ మీద దాదాపు 3,900 రాయాలి. ఇక్కడ క్లాసు మొత్తం "అంత ఎవరిస్తారు సార్" అంటుంది. సరే, 1,500 రాయండి. కమిషన్ పోగా వచ్చేది 900, ఖర్చు వెయ్యి. తొమ్మిది గంటలు కష్టపడి, పైనుంచి వంద రూపాయలు ఇచ్చి బొమ్మ అప్పగించినట్టు. ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు క్లాసులో వచ్చే నిశ్శబ్దం ఇంకే పాఠానికీ రాదు. ఆ తర్వాత ఫ్రేము లేకుండా అమ్మితే ఎలా, అదే బొమ్మ ప్రింట్లు తీస్తే ఎలా, చిన్న సైజు వేస్తే ఎలా అని వాళ్లే అడుగుతారు.

రెండో దారి: క్యాంపస్ సంత

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కనుక కొంచెం ఎక్కువ చెబుతాను.

నలుగురేసి జట్టు. మనిషికి ఐదు వందలు పెట్టుబడి, అది వాళ్ల సొంత డబ్బు. కాలేజీ ఇస్తే అది గ్రాంటు అవుతుంది, పోయినా బాధ ఉండదు. ఐదు వందలు కూడా కష్టమైన పిల్లలు ఉంటారు. వాళ్లకు అప్పుగా ఇవ్వండి, అమ్మకం నుంచి తిరిగి కట్టాలి. కార్డులు, బుక్‌మార్కులు, చిన్న టెర్రకోటా ముక్కలు, బట్ట సంచుల మీద ప్రింట్లు, అక్కడికక్కడ గీసిచ్చే పోర్ట్రెయిట్లు. ఏం చేయాలో మీరు చెప్పకండి. ప్రతి వస్తువు మీద ధర రాసి ఉండాలన్నది ఒక్కటే నియమం.

మన దగ్గర సంత అంటే బేరం. "బోణీ బేరం, తగ్గించమ్మా" అనే వాళ్లు పొద్దున్నే తయారు. ఎంతవరకు దిగాలో జట్టు ముందే మాట్లాడుకుని రాసి పెట్టుకోవాలి. లేకపోతే మొహమాటంతో ఒకళ్లు సగానికి ఇచ్చేస్తారు, ఆ సాయంత్రం జట్టులో గొడవ. ఇక అరువు. స్నేహితులు, సీనియర్లు, మా స్టాఫ్ కూడా "రేపిస్తాలే" అంటారు. కిరాణా కొట్లలో "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు ఎందుకు పెడతారో ఆ ఒక్క రోజుతో పిల్లలకు అర్థమవుతుంది. ఒకసారి మా పిల్లలు ఆ బోర్డునే అందమైన అక్షరాలతో లెటరింగ్ చేసి స్టాల్లో వేలాడదీశారు. చూసిన నలుగురైదుగురు ఆ బోర్డే కొంటామన్నారు.

చాలా డిపార్ట్‌మెంట్లు చేసే పొరపాటు ఒకటుంది. సంత ఒకసారి పెట్టి, ఫోటోలు తీసి, రిపోర్టు రాసి ముగిస్తారు. మొదటి సంతలో కొనేది ఎవరు? అమ్మానాన్నలు, లెక్చరర్లు, పక్క డిపార్ట్‌మెంట్ స్నేహితులు. వాళ్లు కొనేది బొమ్మను కాదు, పిల్లల మీది ప్రేమను. మొదటిసారి లెక్క చూసుకుని "సార్, మాకు లాభం వచ్చింది" అని ఎగురుతారు. నెల తర్వాత రెండో సంత పెట్టండి. ఈసారి క్యాంపస్ గేటు బయట, లేదా ఊళ్లో ఏదైనా పార్కు దగ్గర, శిల్పారామం లాంటి చోట అనుమతి తీసుకుని. చుట్టాలకు అమ్మకూడదు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. జనం చేతిలోకి తీసుకుని తిరిగి పెట్టేసినవి ఏవి, ధర చూసి పెట్టేశారా, చూడకుండానే పెట్టేశారా అన్నది ఒకరు పక్కన కూర్చుని రాస్తూ ఉండాలి. మిగిలిపోయిన సరుకు చూస్తే వచ్చే దిగులు కూడా సిలబస్‌లో భాగమే.

నాటకం, నృత్యం పిల్లలకు సంతకు బదులు టికెట్టు ప్రదర్శన. ఆర్ట్స్ వాళ్లకు వ్యాపారం చేతకాదనే వాళ్లకు సురభి పేరు చెప్పండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన ఆ నాటక కుటుంబం తరతరాలుగా ఊరూరా తిరిగి, టికెట్లు అమ్మి, సొంతంగా సెట్లు కట్టి, లైట్లు వేసి, పసిపిల్లల నుంచి ముసలివాళ్లదాకా కడుపు నింపుకుంది. అది కళ, అదే వ్యాపారం. మన యూనివర్సిటీలో మాత్రం ప్రదర్శన అంటే ఉచితం, ముందు వరుస వీఐపీలకు. ముప్పై రూపాయలైనా సరే, టికెట్టు పెట్టి చూడండి. ఖాళీ కుర్చీలు ఎన్నో తెలిసిన రోజు పోస్టర్ ఎలా వేయాలో వాళ్లకు వాళ్లే నేర్చుకుంటారు.

నా కొలతలో ఇది మొదటి రెండూ నెగ్గుతుంది. మూడోదే కష్టం. నడిపే మాస్టారు వెళ్లిపోతే సంత ఆగిపోతుంది. అందుకే రెండో సంవత్సరం పిల్లలను మూడో సంవత్సరం వాళ్ల పక్కన కూర్చోబెట్టి లెక్కల పుస్తకం వాళ్ల చేతికి ఇవ్వండి.

మూడో దారి: బయటి ఆర్డర్లు

అప్లైడ్ ఆర్ట్, డిజైన్, కమ్యూనికేషన్ పిల్లలకు సంత కన్నా ఇదే సరైనది. డిపార్ట్‌మెంట్ తరఫున ఊళ్లోని చిన్న వ్యాపారుల దగ్గర నిజమైన పని తీసుకోవడం. టిఫిన్ సెంటర్ మెనూ, మిఠాయి డబ్బా, పచ్చళ్ల సీసా లేబులు, పెళ్లి శుభలేఖ.

మన ఊళ్లలో దీనికి పెద్ద అడ్డు ఫ్లెక్సీ షాపు. ఫ్లెక్సీ కొడితే డిజైన్ ఉచితం. పదేళ్లుగా ఆ వ్యాపారి డిజైన్‌కు విడిగా డబ్బు ఇచ్చింది లేదు. ఆయన దగ్గరికి వెళ్లి "సార్, లోగో చేస్తాం" అంటే పని దొరకదు. మా పిల్లలు ఒకసారి పచ్చళ్లు అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి, లోగో మాట ఎత్తకుండా, "మీ సీసా మూత మీద నూనె కారి అక్షరాలు చెరిగిపోతున్నాయి, దానికి ఏదైనా చేయమంటారా" అని అడిగారు. ఆవిడ వెంటనే కుర్చీ వేసింది.

కాగితం లేకుండా పని మొదలుపెట్టకూడదు. నేను ఇది దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక షాపాయన మా పిల్లలతో పదకొండుసార్లు మార్పించి, "ఇంకా ఆలోచిస్తాం" అని పంపించేశాడు. రెండు నెలల తర్వాత అదే బొమ్మ ఆయన బోర్డు మీద ఉంది. మా దగ్గర వాట్సాప్ మెసేజ్‌లు తప్ప ఏమీ లేవు. అప్పటి నుంచి ఒక్క పేజీ ఒప్పందం, తెలుగులోనే. ఏం ఇస్తాం, ఏ తేదీకి ఇస్తాం, సగం అడ్వాన్సు, రెండు మార్పులు ఉచితం, మూడో మార్పుకు ఇంత, మిగతా డబ్బు అందాకే అసలు ఫైలు.

దీంతో పాటే కాపీరైట్. ఇది బీఎఫ్ఏలో ఎవరూ చెప్పరు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. సాధారణంగా బొమ్మ వేసినవాళ్లే దాని మొదటి హక్కుదారులు. కానీ డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన పెయింటింగ్, పోర్ట్రెయిట్, తీసిన ఫోటో విషయంలో వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులవుతారు. ఉద్యోగంలో ఉండి చేసిన పని యజమానిది. అంటే ఆర్డరు మీద వేసిన పెయింటింగ్‌కు ఆ ఒక్క పేజీలో రాసుకోకపోతే, రేపు అదే బొమ్మను మీ పిల్లలు క్యాలెండరుగా వేసుకోవడానికి లేదు. హక్కులు అమ్మేటప్పుడు రాతపూర్వకంగానే అమ్మాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని చట్టం అనుకుంటుంది. ఈ రెండు వాక్యాల కోసం లా డిపార్ట్‌మెంట్ నుంచి ఒక మాస్టారిని గంటసేపు పిలవండి, వస్తారు.

పన్నుల గురించి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. సర్వీసుల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి మన పిల్లలు దాని గురించి ఇప్పుడే నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. పెద్ద కంపెనీ పని ఇస్తే మాత్రం ఒక పరిమితి దాటాక ఫీజులో 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుని మిగతాదే ఇస్తుంది. "మోసం చేశారు సార్" అని పరిగెత్తుకొస్తారు. మోసం కాదు, పాన్ కార్డు ఉంచుకుని రిటర్ను వేస్తే కట్టాల్సిన పన్ను పోను మిగిలింది తిరిగొస్తుంది. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా ఉచితం. 2020 జూలై నుంచి ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. దానికి రెండు వేలు అడిగే బ్రోకర్ల దగ్గరికి వెళ్లొద్దని క్లాసులో ఒకసారి గట్టిగా చెప్పండి.

తెలుగు, ఇంగ్లిష్, చరిత్ర బీఏ, ఎంఏ పిల్లలకూ ఇదే దారి పనికొస్తుంది. అనువాదం, సబ్‌టైటిళ్లు, ఆడియో చదవడం, ఊరి చరిత్ర చెబుతూ నడిపించే హెరిటేజ్ వాక్. వాళ్ల చేతిలో వస్తువు ఉండదు కాబట్టి ధర చెప్పడం ఇంకా కష్టం. పేజీకి కాదు, మాటకు ఇంత అని లెక్క కట్టడం మొదటి రోజే నేర్పాలి.

ఈ దారికి మాస్టారి సమయం విపరీతంగా పడుతుంది. ఫోన్లు మీకే వస్తాయి. పదిహేను మందికి మించి నడపలేరు.

నాలుగో దారి: కళాకారుల ఇంట్లో నెల రోజులు

వేసవిలో పిల్లలను ఏటికొప్పాకకో, చేర్యాలకో, శ్రీకాళహస్తికో, కొండపల్లికో పంపడం. ఇంటర్న్‌షిప్ కాలమ్ నిండుతుంది, పిల్లలకు జీవితంలో మర్చిపోలేని నెల. కానీ వెళ్లేది బొమ్మలు నేర్చుకోవడానికి మాత్రమే అయితే అది క్రాఫ్ట్ వర్క్‌షాపు. ఇక్కడ చూడాల్సింది వేరు.

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు రంగు బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి నానబెట్టి పులియబెడితే వస్తుంది. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. బట్టను కరక్కాయ, పాలలో ముంచాలి, ఎండబెట్టాలి, ఉతకాలి, మళ్లీ రంగు. వాన పడితే ఆర్డరు ఆగుతుంది. పదిహేను రోజుల్లో ఇస్తామని పిల్లలు ఎవరికో మాట ఇచ్చేసే ముందు ఆ ఇంటి పెద్దాయన తేదీ ఎలా చెబుతాడో వినాలి. ఆయన ఎప్పుడూ ఒక వారం కలుపుకునే చెబుతాడు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర దొరక్కపోతే ఏం చేస్తారు, లక్క ధర పెరిగితే పాత ఆర్డరు ఏ ధరకు ఇస్తారు, చేర్యాలలో పెద్ద పటం అమ్ముడుపోనప్పుడు మాస్కులూ చిన్న బొమ్మలూ ఇల్లు ఎలా నడుపుతాయి, మధ్యవర్తి డబ్బు ఎన్నాళ్లకు ఇస్తాడు, ఎంపోరియం ఎన్నాళ్లకు ఇస్తుంది. ఇవి ఏ కేస్ స్టడీలోనూ దొరకవు. పిల్లలు రాయాల్సింది బొమ్మ తయారీ విధానం మీద ప్రాజెక్టు కాదు, ఆ ఇంటి ఒక నెల జమాఖర్చు.

కళాకారుల ఇంటికి మనం ఇచ్చేది కూడా ఉండాలి. ఊరికే నెల రోజులు వాళ్ల సమయం తినడం న్యాయం కాదు. ఫోటోలు తీసి క్యాటలాగు చేయండి, ప్యాకింగు మెరుగుపరచండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరి, శిల్పి, బొమ్మలు చేసేవాళ్లతో కలిపి 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీతో ముందు లక్ష, తర్వాత రెండు లక్షలు అప్పు. అర్హత ఉండీ నమోదు కాని ఇల్లు ఉంటే పిల్లలు కూర్చుని ఆ పని చేసి పెట్టవచ్చు. ఇది ఆ కుటుంబాల కోసం పెట్టింది, మన పిల్లల కోసం కాదు. కుటుంబంలో ఒక్కరికే.

ఇంకో హెచ్చరిక. నెల రోజులు నేర్చుకొచ్చి హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో వేసిన దాన్ని "శ్రీకాళహస్తి కలంకారీ" అనో "చేర్యాల పటం" అనో అమ్మకూడదు. వాటికి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న చట్టపరమైన గుర్తింపు. ఆ పేరు అక్కడి నమోదిత వాడకందార్లది. "కలంకారీ పద్ధతి చూసి నేర్చుకుని నేను వేసింది" అని చెప్పుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు.

పెయింటింగ్, శిల్పం, టెక్స్‌టైల్ పిల్లలకు ఇది బంగారం. నా మొదటి కొలతలో సగమే నెగ్గుతుంది, ఎందుకంటే అమ్మేది పిల్లలు కాదు, వాళ్లు చూస్తారంతే. అందుకే సంత తర్వాతే దీన్ని పెట్టండి. ఒకసారి చేతులు కాలినవాళ్లకు ఆ ఇంట్లో ఏం చూడాలో తెలుస్తుంది.

ఐదో దారి: ఇంక్యుబేటర్

ఇంక్యుబేటర్ అంటే కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇచ్చి పెంచే కేంద్రం. వైస్ ఛాన్సలర్లకు ఇష్టమైన దారి. 2015లో హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ వచ్చాక, 2018లో ఆడవాళ్ల కోసం వీ-హబ్ వచ్చాక, ప్రతి యూనివర్సిటీ గేటు మీదా "ఇన్నోవేషన్ సెల్" బోర్డు వచ్చింది. పిచ్ కాంపిటీషన్ (ఆలోచనను కొన్ని నిమిషాల్లో చెప్పి మెప్పించే పోటీ), హ్యాకథాన్, సర్టిఫికెట్.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వందమంది ఆర్ట్స్ పిల్లల్లో తొంభై మందికి ఇది దారి కాదు. ఇంక్యుబేటర్ వెతికేది వేగంగా పదింతలయ్యే వ్యాపారాన్ని. ఒక మనిషి చేత్తో వేసే బొమ్మ పదింతలు కాదు, కానక్కర్లేదు. కేంద్రం ఇచ్చే స్టార్టప్ గుర్తింపు కూడా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్ఎల్‌పీ, రిజిస్టరైన భాగస్వామ్యం లాంటి వాటికే. సొంత పేరు మీద ఒక్కళ్లే చేసుకునే ప్రొప్రైటర్‌కు రాదు. మన పిల్లల్లో ఎక్కువమంది అయ్యేది అదే. పిచ్ కోసం తమది కానిదేదో "యాప్" అని చెప్పి, ఇంజనీరింగ్ పిల్లల ముందు తడబడి, "మనకు ఇది రాదు" అని ఇంటికొచ్చిన పిల్లలను చూశాను. వాళ్లకు నిజానికి వచ్చు, వేరే చోట.

యానిమేషన్, గేమ్ ఆర్ట్, ఫర్నిచర్ డిజైన్, చేనేతతో దుస్తుల బ్రాండు, ఇలాంటి ఆలోచనతో పాటు ముగ్గురు మనుషులూ, అప్పటికే కొందరు కొనుగోలుదార్లూ ఉంటే వెళ్లాలి. తప్పకుండా వెళ్లాలి. మిగతావాళ్లు చదువయ్యాక ఒక ప్రింటరో, చిన్న బట్టీయో కొనుక్కోవాలంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్రా పథకంలో, శిశు అనే విభాగం కింద యాభై వేల దాకా అడగడమే దగ్గరి దారి.

మీ దగ్గర ఏది?

బీఎఫ్ఏ పెయింటింగ్, శిల్పం, ఇరవై ముప్పై మంది, ఒక సెమిస్టర్: రెండు సంతలు, వేసవిలో నెల రోజులు కళాకారుల ఇల్లు. క్లాసు గంటల్లో ధర లెక్క, ఒక్క పేజీ ఒప్పందం, కాపీరైట్. మిగతా యూనిట్లు చదువుకోమని ఇచ్చేయండి.

అప్లైడ్ ఆర్ట్, డిజైన్: ఆర్డర్లు. సంత ఒకటి చాలు, అదీ బేరం నేర్చుకోవడానికి.

నాటకం, నృత్యం, సంగీతం: టికెట్టు ప్రదర్శన, అది కూడా రెండుసార్లు, రెండోది క్యాంపస్ బయట.

అరవై మంది పైన ఉన్న బీఏ సెక్షన్: పేపరే. కానీ ఇంటర్నల్‌లో ఒక్క అమ్మకం తప్పనిసరి చేయండి. అమ్మిన దానికి రసీదు, కొన్నవాళ్లు ఎందుకు కొన్నారో పది లైన్లు. అమ్మలేకపోతే ఎందుకు అమ్మలేకపోయారో పది లైన్లు, మార్కులు అవే. లేకపోతే ఇంట్లోవాళ్లతో కొనిపించి రసీదు తెస్తారు.

ఎంచుకోవాల్సింది మీరు కాదు, మీ డిపార్ట్‌మెంట్ ఇప్పటికే పేపర్ పెట్టేసింది, మీరు విద్యార్థి అనుకోండి. అప్పుడు ఎవరినీ అడగకుండా చేయగలిగింది ఉంది. నలుగురు కలిసి ఆదివారం ఒక పార్కు దగ్గర రెండు గంటలు కూర్చోండి. ఐదు వందలకు మించి పెట్టకండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

చివరికి చాలా సంతలు ఆగిపోయేది ఇక్కడ. అమ్మిన డబ్బు కాలేజీ అకౌంట్లో వేస్తే బయటకు తీయడానికి మూడు సంతకాలు, రెండు నెలలు. మాస్టారి యూపీఐకి వేయించుకుంటే రేపు ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మేము చివరికి తేల్చుకున్న పద్ధతి ఇది. ప్రతి జట్టుకు ఒక విద్యార్థి యూపీఐ, సాయంత్రం ఆరుకల్లా స్క్రీన్‌షాట్లతో లెక్క అందరి ముందు చదవడం, ఆ రాత్రే పంచుకోవడం. అప్పుగా ఇచ్చిన ఐదు వందలు ముందు తీసేయాలి. స్టాలు అద్దె, ముడిసరుకు తర్వాత. మిగిలింది చేసిన పనిగంటల లెక్కన పంచాలి, తలా సమానంగా కాదు. ఎవరెన్ని గంటలు చేశారో పుస్తకంలో ఏ రోజుకారోజు రాయకపోతే ఆ రాత్రి హాస్టల్లో ఎవరూ నిద్రపోరు.

తేదీలు కూడా ముందే చూసుకోండి. దీపావళి ముందు పది రోజులు, సంక్రాంతి ముందు వారం జనం కొంటారు. సరిగ్గా అప్పుడే ఇంటర్నల్ పరీక్షలు పెడతారు. సెమిస్టర్ మొదటి వారంలోనే వెళ్లి పరీక్షల సెక్షన్‌లో కూర్చుని ఆ తేదీలు ఖాళీ చేయించుకోండి. నెలాఖరున మాత్రం సంత పెట్టకండి. జీతాలు పడేది ఒకటో తారీకున.